నిమ్మళం

కుక్క తోక వంకర అన్న సామెత వినని తెలుగువాడు ఉండడు. ఎవరి మీదనైనా ఆశ వదులుకోవాలనిపించినప్పుడు ఈ మాట చేతికి సిద్ధంగా ఉంటుంది. చదవని పిల్లవాడి మీద, తాగుడు మానని తమ్ముడి మీద, బాకీ తీర్చని ఆసామి మీద దీన్నే ప్రయోగిస్తాం. సుమతీ శతకకారుడు కూడా కుక్కను సింహాసనం ఎక్కించినా దాని బుద్ధి మారదని తేల్చేశాడు. మా బీదర్ జిల్లాలో కన్నడిగులూ, మరాఠీవారూ, ఉర్దూ మాట్లాడేవారూ ఇదే సామెతను తమ తమ భాషల్లో అంటారు. నాలుగు భాషలవాళ్లు ఇంత ఏకాభిప్రాయంతో ఉన్న విషయాలు ఇక్కడ ఎక్కువ లేవు.

అయితే తోక వంకర ఎముకలో ఉంది. దాన్ని సరిచేయవలసిన అవసరమూ లేదు. నడవడి సంగతి వేరు. పట్టరాని ఉద్రేకంతో ఎగిరిపడే ఒక కుక్కకు నెమ్మదిగా ఉండటం నేర్పగలమా? నేర్పగలిగితే ఏ మార్గాన నేర్పాలి? అసలు ఇంకొక ప్రాణిని నెమ్మదించే హక్కు మనకు ఎక్కడిది? ఈ ప్రశ్నలు పెద్దవి. నేను బి.కాం. చదివి బ్యాంకులో పద్దులు చూసుకునేవాణ్ణి. వీటి జోలికి వెళ్లేవాణ్ణి కాదు. ఒక కుక్క ప్రాణం ఈ ప్రశ్నల మీద ఆధారపడటం చూశాను కనుక రాస్తున్నాను.

2022లో బదిలీ మీద భాల్కి తాలూకాలోని ఖటక్ చించోళికి వచ్చాను. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు పాత బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీరు, నిలంగా వైపు బొంబాయి రాష్ట్రానికి, భాల్కి, హుమ్నాబాదు, బీదరు మైసూరుకు పోయాయి. గీతలు గీశారు గాని చుట్టరికాలు గీతలకు లోబడలేదు. అందుకే ఈ ఊళ్లో ఒకే వాకిట్లో మూడు నాలుగు భాషలు వినబడతాయి. మేము అద్దెకు దిగిన ఇంటి యజమానిని ఊరంతా కాకా అంటుంది. మేమూ అదే అన్నాం. ఆ ఇంటి కుక్క పేరు మోతీ. గోధుమరంగు నాటు కుక్క, ఏడాదిన్నర వయసు.

మోతీకి కోపమనేది తెలియదు. దాని జబ్బు సంతోషం. గేటు గొళ్లెం చప్పుడైతే చాలు, చక్రంలా తిరిగేది, మనిషి భుజాల దాకా ఎగిరేది, తువ్వాలు లాగేది, పట్టలేక అక్కడే మూత్రం పోసేది. సైకిల్ గంటకు మొరుగు, పాలవాడికి మొరుగు, గాలికి ఎగిరిన కాగితానికి మొరుగు. 2023 శ్రావణంలో పక్కింటి అవ్వ పాలగిన్నె పట్టుకుని వాకిట్లోకి వస్తుంటే మోతీ ఎప్పటిలాగే ప్రేమతో మీదికి దూకింది. అవ్వ పడిపోయింది. మణికట్టు ఎముక విరిగింది. చేతి మీద గోళ్ల గీతలు పడ్డాయి. గోరు గీరినా తేలిగ్గా తీసుకోకూడదు కనుక గాయాన్ని సబ్బుతో ధారగా నీళ్లు పోస్తూ పదిహేను నిమిషాలు కడిగి, ఆస్పత్రికి తీసుకువెళ్లి పిచ్చికుక్క కాటు సూదులు కూడా వేయించాం. మోతీకి ఆ టీకా ముందే వేయించి ఉండటం కొంత ధైర్యం.

ఆ సాయంత్రం అరుగు మీద పంచాయతీ జరిగింది. నాలుగు తగిలిస్తే దారికొస్తుందని ఒకరు, రోజంతా గొలుసుతో కట్టేయమని ఒకరు అన్నారు. కాకా కొడుకు మాత్రం కారంజా జలాశయం అవతల వదిలేసి వస్తానని టెంపో మాట్లాడటానికి లేచాడు. అతని తప్పేమీ లేదు. ఇంట్లో చిన్న పిల్లలున్నారు, ఊళ్లో మాట పడాలి. ఆపింది అవ్వే. పట్టీ కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "దానికి మంచి చెడ్డ తెల్వదు బిడ్డా. తెల్వనిదాన్ని ఇడిసిపెడితే ఆ పాపం ఎవ్వలకు? దసరా దాకా సూడుండ్రి. దానికి నిమ్మలం నేర్పుండ్రి. రాకపోతే అప్పుడు మీ ఇష్టం."

అలా మోతీకి దసరా గడువు పడింది.

దాని అల్లరికి కారణం పుట్టుకే అని మొదట అందరం అనుకున్నాం. కొంత నిజమే. వయసులో ఉన్న కుక్కకు పరుగు, ఆట సహజం. కాని నాలుగు రోజులు ఊరికే కూర్చుని గమనిస్తే ఇంకొకటి కనబడింది. ఆ ఇంట్లో మోతీకి ఎవరి మాట ఏమిటో తెలిసే అవకాశం లేదు. పెద్ద మనవడు అది దూకితే నవ్వి మెడ నిమురుతాడు. కాకా అదే దూకుడికి చెప్పు విసురుతాడు. కోడలు అది మీద పడకుండా ఉండటానికి దూరంగా ఒక రొట్టె ముక్క విసురుతుంది. భాష గొడవ వీటన్నిటికీ పైన. ఈ ప్రాంతపు కన్నడంలో "కూడు" అంటే కూర్చో. మన తెలుగులో కూడు అంటే అన్నం. కాకా భార్య దాన్ని కూర్చోమని గదమాయించేదీ, పక్కింటి తెలుగువాళ్లు అన్నానికి పిలిచేదీ ఒకే మాటతో. మాట వినగానే అది ఎగరడంలో ఆశ్చర్యమేముంది?

రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ పేరు చెప్పగానే గంట, కుక్క, చొంగ అందరికీ గుర్తొస్తాయి. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. ఆయన ప్రయోగశాలలోనే జరిగిన మరొక ప్రయోగం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఒక కుక్కకు వృత్తం చూపితే తిండి పెట్టారు. కోడిగుడ్డు ఆకారం చూపితే పెట్టలేదు. కుక్క ఆ తేడా చక్కగా నేర్చుకుంది. తర్వాత ఆ రెండో ఆకారాన్ని రోజురోజుకూ గుండ్రంగా చేస్తూ పోయారు. పొడవు, వెడల్పుల నిష్పత్తి 9:8 దాకా వచ్చేసరికి అంతవరకూ బుద్ధిగా నిలబడిన కుక్క కీచుమని అరిచింది, గింజుకుంది, తన ఒంటికి తగిలించిన పరికరాన్ని పళ్లతో పీకేసింది. అంతకుముందు సులభంగా పోల్చుకున్న ఆకారాలను కూడా పోల్చుకోలేకపోయింది. దాన్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఏ పనికి ఏ ఫలితమో తెలియకుండా పోయింది, అంతే.

మోతీ బతుకుతున్నది ఆ 9:8 ఇంట్లోనే. మనం స్వభావం అని పేరు పెట్టి చేతులు దులుపుకునేదాంట్లో ఎంతో భాగం, చుట్టూ ఉన్నవాళ్ల పొంతన లేనితనమే. సామెత చెప్పినవాడు తోకను చూశాడు గాని, ఆ కుక్క ఉన్న ఇంటిని చూడలేదు.

ఇక మార్గం సంగతి. కొడితే మారదా? ఈ ప్రశ్నను నిజాయితీగా ఎదుర్కోవాలి. దెబ్బకు కుక్క నోరు మూస్తుంది, మూలకు పోతుంది. చూసేవాడికి పని అయినట్టే ఉంటుంది. దెబ్బ పనిచేయదని చెప్పేవాళ్లు ఈ మొదటి ఫలితాన్ని ఒప్పుకోరు. అందుకే వాళ్ల మాట జనం నమ్మరు. దెబ్బ పనిచేస్తుంది. ఏం పనిచేస్తుందన్నదే చూడవలసింది.

1967లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనేవాళ్లు ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. చెప్పడానికే మనసొప్పని ప్రయోగం అది. కొన్ని కుక్కలకు కరెంటు షాకులిచ్చారు. తలతో పక్కనున్న పలకను నొక్కితే షాకు ఆగే ఏర్పాటు ఒక గుంపుకు ఉంది. రెండో గుంపుకూ అన్నే షాకులు, కాని అవి ఏం చేసినా ఆగవు. తర్వాత అన్నిటినీ ఒక పెట్టెలో ఉంచారు. మధ్యలో తక్కువ ఎత్తు అడ్డం, దాన్ని దాటితే షాకు లేదు. మొదటి గుంపు కుక్కలు త్వరగా దాటడం నేర్చుకున్నాయి. రెండో గుంపులో చాలా కుక్కలు ప్రయత్నం మాని, మూలుగుతూ పడుకుండిపోయాయి. తలుపు తీసి ఉన్నా బయటికి వెళ్లలేదు.

దూరం నుంచి చూస్తే ఆ పడుకున్న కుక్క ఎంతో నెమ్మదస్తురాలు. మొరగదు, ఎగరదు. ఇంట్లో చెప్పుదెబ్బ తిని మూల నక్కిన కుక్కను చూసి మనం బుద్ధి వచ్చింది అనుకునేది ఇటువంటి దృశ్యాన్నే. అది నిమ్మళం ఎలా అవుతుంది? అడిగి లాభం లేదని తెలిసిన ప్రాణి ఊరుకోవడం అది.

ఈ కథకు తరువాయి ఉంది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగదిద్దారు. నిస్సహాయతను జంతువు నేర్చుకుంటుందని తాము మొదట అనుకున్నామనీ, మెదడు గురించి ఆ తర్వాత తెలిసినదాన్ని బట్టి చూస్తే అది తారుమారనీ రాశారు. విడవకుండా కష్టం మీద పడితే చతికిలపడటం ప్రాణికి సహజంగానే వస్తుంది. తన చేతిలో ఏదో ఉంది, తాను చేసే పనికి ఫలితం ఉంది అన్నదే నేర్చుకోవలసిన పాఠం. ఆ పాఠం వచ్చిన ప్రాణికే కుదురు వస్తుంది. మూడు మాటల్లో చెప్పగలిగే ఈ సంగతికి ఎన్ని కుక్కలు బాధపడవలసి వచ్చిందో తలుచుకుంటే తల వంచుకోవాలనిపిస్తుంది.

దెబ్బలో ఇంకొక ప్రమాదం ఉంది. గుర్రుమన్నప్పుడల్లా దెబ్బ తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది. భయం మాత్రం పోదు. గుర్రు అనేది కుక్క ఇచ్చే హెచ్చరిక. హెచ్చరికను కొట్టి చంపితే ఒక రోజు హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. "ఏమీ అనకుండానే వచ్చి కరిచింది" అని మనం ఆశ్చర్యపోతాం.

ఇది రాస్తుంటే భారతం మొదట్లోనే వచ్చే సరమ కథ గుర్తొస్తుంది. జనమేజయుడు కురుక్షేత్రంలో దీర్ఘసత్రం చేస్తుండగా సరమ కొడుకు, ఒక కుక్కపిల్ల, అక్కడికి వచ్చింది. హవిస్సును చూడలేదు, నాకలేదు. అయినా రాజు తమ్ముళ్లు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. దేవతల కుక్క అయిన సరమ సభకు వచ్చి, తప్పు చేయని పసివాణ్ణి కొట్టారు కనుక మీకు కనబడని చోటి నుంచి భయం వస్తుందని చెప్పి వెళ్లిపోయింది. నన్నయగారు ఈ ఘట్టాన్ని తెలుగు చేస్తూ, ఇది తగును, ఇది తగదు అని చూసుకోకుండా సాధువులకూ, పేదవారికీ కీడు చేసేవాళ్లకు కారణం కనబడని భయాలు కలుగుతాయన్న అర్థంలో కందపద్యం రాశారు. వెయ్యేళ్ల కిందట తెలుగులో పుట్టిన ఒక మహాకావ్యం తన వాకిట్లోనే ఒక కుక్కపిల్లకు పడిన దెబ్బను నిలబెట్టింది. శాపమంటే నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లు నమ్మరు. నాకు మాత్రం అది శాపంలా అనిపించదు. లెక్కలా అనిపిస్తుంది. భయపెట్టి నోరు మూయించిన ప్రతి ఇంట్లోనూ ఆ భయం ఎక్కడో జమ అవుతూనే ఉంటుంది. ఏ రోజు తిరిగి వస్తుందో చెప్పి రాదు.

మరి ఎలా నేర్పాలి? దీనికి మొదటి జవాబు పుస్తకంలో దొరకలేదు. మా శాఖకు ప్రతి నెలా సంధ్యా సురక్షా పింఛను కోసం ఒక ముసలి గొర్ల కాపరి వచ్చేవాడు. ఆయన కుక్క బయట మెట్టు పక్కన పడుకుని ఉండేది. బండ్లు పోయినా, పిల్లలు గోల చేసినా కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకునేది. ఒక రోజు ఆయన్ని అడిగాను, దీన్ని ఎలా ఇంత కుదురుగా చేశావని. ఆయన తన కన్నడంలో చెప్పినదాన్ని తెలుగులో చెబుతున్నాను. "పరుగెత్తడం దానికి పుట్టుకతో వస్తుంది సారూ, అది నేను నేర్పేదేముంది? పడుకోవడం నేర్పాలి. పిల్లగా ఉన్నప్పుడు మందలో నా కాళ్ల దగ్గర పడుకుంటే చిన్న రొట్టె తునక. ఎగిరితే నేను గొర్రెల వైపు తిరిగి నిలబడేవాణ్ణి. దాని మీద అరిస్తే, మా అయ్య కూడా నాతో కలిసి మొరుగుతున్నాడు అనుకుంటుంది."

ఈ చివరి మాటకు నవ్వాను గాని, తర్వాత చదివిన శాస్త్రంలో దీనికి మించి కొత్తది ఎక్కువగా కనబడలేదు. కరెన్ ఓవరాల్ అనే అమెరికన్ పశువైద్యురాలు కుక్కల ఉద్రేకాన్ని తగ్గించడానికి 15 రోజుల అభ్యాసక్రమం ఒకటి తయారుచేశారు. మొదటి రోజు కుక్క అయిదు సెకన్లు కుదురుగా కూర్చుంటే బహుమానం. తర్వాత పది సెకన్లు. తర్వాత మనిషి ఒక అడుగు వెనక్కి వేసినా కూర్చుంటే, చప్పట్లు కొట్టినా, తలుపు తట్టినా కూర్చుంటే. ప్రతి మెట్టూ కుక్క గెలవగలిగినంత చిన్నది.

కాకా చిన్న మనవడు, ఆరో తరగతి పిల్లవాడు, ఈ పనికి ముందుకు వచ్చాడు. ఇంటి కోసం మూడు కట్టుబాట్లు అట్ట మీద రాసి వంటింటి తలుపుకు అతికించాడు. ఒకటి, కూర్చోమనడానికి అందరిదీ ఒకే మాట: "బైఠ్". కూడు అన్న మాట కుక్క ముందు నిషేధం. రెండు, అది దూకితే ఎవరూ తిట్టరాదు, తొయ్యరాదు, ముట్టరాదు, ఊరికే వీపు తిప్పి నిలబడాలి. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టిన క్షణంలో మెల్లగా పలకరించాలి. మూడు, రాత్రి పడుకునే ముందు దాన్ని రెచ్చగొట్టే ఆటలు ఆడరాదు. నిద్ర చాలని కుక్క నిద్ర చాలని పసివాడిలాగే రేగిపోతుంది. అలిసిపోయేదాకా పరుగెత్తిస్తే నెమ్మదిస్తుందనుకోవడం ప్రతిసారీ నిజం కాదు. అందుకే తెల్లవారుజామున కందిచేల గట్ల వెంట మెల్లగా, అది వాసన చూసినంతసేపూ ఆగుతూ నడిపించాం. కుక్కకు వాసన చూడటం మనకు పత్రిక చదవడం లాంటిది. తొందరపెడితే ఎవరికైనా విసుగే. సాయంత్రం వరండాలో ఒక గోనెసంచి పరిచి, దాని మీద పడుకుంటే జొన్నరొట్టె తునక.

మొదటి వారం అల్లరి పెరిగింది. ఇది అందరూ తెలుసుకోవలసిన సంగతి. ఇంతకాలం దూకితే పలకరింపు దొరికేది, ఇప్పుడు దొరకడం లేదు కనుక ఇంకా ఎత్తుకు దూకి చూస్తుంది. తలుపు తీయకపోతే మనం మరింత గట్టిగా తట్టమా? ఈ దశలోనే చాలా ఇళ్లలో ఓపిక చచ్చి ప్రయత్నం ఆగిపోతుంది. ఎవరో ఒకరు జాలిపడి, ఈ ఒక్కసారికి అని రొట్టె వేస్తే ఇంకా నష్టం. ఎప్పుడో ఒకసారి వచ్చే ఫలితమే అలవాటును గట్టిపరుస్తుందని స్కిన్నర్, ఫెర్‌స్టర్ అనే శాస్త్రవేత్తలు 1957లో పెద్ద గ్రంథమే రాశారు. మట్కా ఆడేవాడిని చూసినవాళ్లకు ఆ గ్రంథం అక్కరలేదు. రోజూ గెలిచేవాడు ఒక రోజు రాకపోతే మానేస్తాడు. నెలకొకసారి గెలిచేవాడు మాత్రం ఇల్లు అమ్ముకునేదాకా మానడు.

ఇక్కడ నా ఉద్యోగంలోంచి ఒక మాట. పాత రోజుల్లో బ్యాంకులో ఇత్తడి బిళ్ల ఇచ్చేవాళ్లం. దాని మీద ఒక అంకె. ఆ బిళ్ల చేతిలో పడ్డాక పల్లెటూరి రైతు బల్ల మీద గంటసేపయినా కుదురుగా కూర్చునేవాడు. డబ్బు ఇంకా రాలేదు, కాని తన వంతు వస్తుందని తెలుసు. 2016 నవంబరు 8న అయిదువందలు, వెయ్యి నోట్ల రద్దు ప్రకటించాక వరుసల్లో నిలబడినవాళ్లలో ఈ కుదురే పోయింది. అప్పుడు నేను వేరే ఊళ్లో ఉన్నాను. పొద్దున పదికే బయటికి వచ్చి, ఇవాళ ఉన్న రొక్కం ఇంతమందికి వస్తుంది, మిగిలినవాళ్లు ఈ చీటీ తీసుకుని రేపు రండి అని చెప్పిన రోజు తోపులాట ఉండేది కాదు. ఏమీ చెప్పకుండా తలుపు మూసి ఉంచిన రోజు, పోలీసు లాఠీ ఉన్నా ఉండేది. లాఠీ వరుసను నిలబెట్టగలదు, మనిషిని నెమ్మదించలేదు. చీటీ అంటే కాగితం ముక్కే, కాని అది మనిషి చేతిలో ఉంది. మోతీకి గోనెసంచి అటువంటి చీటీ. అక్కడ పడుకుంటే పలకరింపు, రొట్టె తప్పకుండా వస్తాయి. దాని కోసం ప్రపంచం మీద దూకనవసరం లేదు.

దసరా నాటికి మోతీ పూర్తిగా మారిందని చెబితే అబద్ధం. ఊరేగింపు డప్పులకు వణికింది, టపాసులకు మంచం కింద దూరింది. కాని గేటు చప్పుడైతే వరండాలోకి పరుగెత్తి గోనెసంచి మీద తోక ఊపుతూ కూర్చోవడం మొదలుపెట్టింది. ఒళ్లంతా ఊగేది, అయినా కూర్చునేది. టెంపో మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అవ్వ కట్టు విప్పాక తానే రొట్టె పట్టుకుని వచ్చి "బైఠ్" అంది. ఆమెకు వచ్చిన ఉర్దూ అంతవరకే అని ఇంట్లో అందరూ నవ్వారు.

మిగిలింది మూడో ప్రశ్న. ఇదంతా ఎవరి కోసం? నాకు తెలిసిన ఒక మాస్టారు దీన్ని సూటిగానే అడిగారు. కుక్కకున్న సంతోషాన్ని మీ సౌకర్యం కోసం రొట్టె ముక్కకు కొన్నారు, ఇందులో ధర్మమేముంది అని. ఈ ఆక్షేపణలో బలం ఉంది. మనకు అడ్డం లేకుండా ఉండటాన్నే మంచి నడవడి అనుకునే అలవాటు మనుషులకు ఉంది. గొలుసు మీద రోజంతా ఉన్న కుక్క కూడా ఇంటివాళ్లకు అడ్డం లేదు. చాలా పొట్టి గొలుసుతోనో, బరువు గొలుసుతోనో ఎక్కువసేపు కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరాలు. ఈ సంగతి మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

కాని మాస్టారి మాటలో ఒకటి సరిచూడాలి. ఉద్రేకమూ సంతోషమూ ఒకటేనా? ఆ వాకిట్లో చక్రంలా తిరుగుతూ మూత్రం పట్టలేకపోయిన కుక్క సంతోషంలో ఉందని అనడం, పరీక్ష హాలు ముందు నవ్వుతూ వణుకుతున్న పిల్లవాడు సంతోషంలో ఉన్నాడనడం లాంటిది. మన కర్ణాటకదే అయిన ముధోళ్ జాతి వేటకుక్కను చూసినవాళ్లకు తెలుసు. 2005లో తపాలా బిళ్ల మీదికి కూడా ఎక్కిన కుక్క అది. ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకుంటుంది, బయలులో బాణంలా పోతుంది. కుదురు దాని పరుగును తినేయలేదు. కాపరి కుక్క కూడా అంతే. తోడేలు వచ్చిన రాత్రి అది పడుకుని ఉండదు. నెమ్మది నేర్చిన ప్రాణి సంతోషాన్ని పోగొట్టుకోదు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పడుకోవాలో దాని చేతిలోకి వస్తుంది.

పైగా ఉద్రేకాన్ని అలాగే వదిలేయడం ఉదారత కాదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధి కుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమంది. అదే నెల 22న ఇంకా పెద్ద ధర్మాసనం ఆ ఉత్తర్వును మార్చి, శస్త్రచికిత్స, టీకా అయిన కుక్కలను తెచ్చిన చోటే వదలమంది. పిచ్చిపట్టినవాటికీ, దూకుడుగా ఉండేవాటికీ ఆ మినహాయింపు లేదు. అంటే దూకుడు అనే ఒక్క మాట మీద ఒక కుక్క జీవితం నిలబడుతుంది. ప్రేమతో మీద పడేదానికీ, కరవడానికి మీద పడేదానికీ తేడా కింద పడ్డవాడికి తెలియదు. మనుషుల మధ్య బతకవలసిన ప్రాణికి మనుషుల మధ్య మసలడం నేర్పకపోతే, దాని ప్రేమే దానికి శిక్ష తెచ్చిపెడుతుంది. నేర్పే హక్కు మనకుందా అని అడిగే ముందు, ఊళ్లోకి తెచ్చుకున్నాక నేర్పకుండా ఉండే హక్కు ఉందా అని అడగాలి.

మన పెద్దలు శమం, దమం అని రెండు మాటలు పక్కపక్కనే పెట్టారు. మనసు తనంతట సద్దుమణగడం శమం, ఇంద్రియాలను పట్టి ఉంచడం దమం. సాధకుడు రెండూ తన మీద తానే చేసుకోవాలి. ఇతరుల విషయానికి వచ్చేసరికి మనకు దమనం ఒక్కటే గుర్తుంటుంది. ఒకరిని బయటి నుంచి పట్టి ఉంచవచ్చు, కాని వారి లోపలి శమాన్ని మనం వెళ్లి చేయలేం. అది కలగడానికి తగిన చోటు మాత్రం ఇవ్వగలం. మనసు గాలిలా నిలవదని అర్జునుడు మొరపెట్టుకున్నప్పుడు గీతాచార్యుడు దాన్ని కొట్టమనలేదు. ఎటు పోతే అటు నుంచి మళ్లీ మళ్లీ తీసుకురమ్మన్నాడు. అభ్యాసం అన్న ఆ మాటకు గోనెసంచి మీద రొట్టె తునక కంటే మంచి వ్యాఖ్యానం నాకు తెలియదు.

అవ్వ నిమ్మలం అంది, పుస్తకాల్లో నిమ్మళం అని ఉంటుంది. కాపరి దాన్నే నెమ్మది అన్నాడు. కన్నడంలో నెమ్మది అంటే మనశ్శాంతి. తెలుగులో అదే మాటను మనం ఎక్కువగా తొందర లేకపోవడానికి వాడుతున్నాం. రెండు భాషల మధ్య బతికేవాళ్లకు ఇదొక లాభం. ఒక భాష విడదీసినట్టు కనబడేదాన్ని ఇంకొకటి కలిపి చూపిస్తుంది. తొందర లేనివాడి దగ్గరే ఇంకొకరికి శాంతి దొరుకుతుందని ఆ ఒక్క మాట రెండు భాషల్లోనూ కలిసి చెబుతోంది.

ఇది కుక్కతో ఆగే సంగతి కాదు. ఇంట్లో పిల్లలు, బడిలో విద్యార్థులు, కార్యాలయంలో చిన్న ఉద్యోగులు మన ముందు నోరెత్తకుండా ఉంటే అది మన పెద్దరికమని మురిసిపోతాం. మురిసే ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. తర్వాత ఏం జరుగుతుందో వాళ్లకు తెలుసా? దాన్ని మార్చగలిగింది ఏదైనా వాళ్ల చేతిలో ఉందా? రెండింటికీ అవును అని జవాబు వస్తే అక్కడ ఉన్నది నిమ్మళమే. రాకపోతే, సరమ ఏ సభకు వచ్చి ఏం చెప్పిందో ఒకసారి చదువుకోవడం మంచిది.